జంతికల ప్యాకెట్ మీద ఆ గుర్తు ఇక ఉండదు

ఈ నెల నుంచి యూరప్‌లోని మా వంటశాలలో చేసే మన జంతికలు, చెక్కలు, చేగోడీల ప్యాకెట్ల మీద గోధుమ కంకికి అడ్డగీత పెట్టిన గుర్తు ఉండదు. ‘గ్లూటెన్ లేదు’ అనే మాటా ఉండదు. ఎందుకంటే ఇప్పుడు వాటిలో గోధుమ ఉంది, గ్లూటెన్ అనేది గోధుమలో ఉండే ప్రోటీనే. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవారు దయచేసి ఈ మూడూ కొనకండి. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే వాళ్ల చేతికి అందనివ్వకండి. మిగతాదంతా తీరిక దొరికినప్పుడు చదవండి, ఈ ఒక్క మాట మాత్రం ఇప్పుడే ఇంట్లో అందరికీ చెప్పండి.

మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న పాత ప్యాకెట్ల గురించి భయం అక్కర్లేదు. ప్రతి లాటు నుంచి నమూనా ల్యాబుకు పంపి, ఫలితం చేతికి వచ్చాకే అమ్ముతాం. మీ దాకా వచ్చినవన్నీ పరీక్షలో నెగ్గినవే.

కారణం ఇంగువ.

మనం డబ్బాలో కొనేది అచ్చమైన ఇంగువ కాదని చాలామందికి తెలియదు. అఫ్ఘానిస్తాన్, ఇరాన్ కొండల్లో పెరిగే మొక్క వేరుకు గాటు పెడితే పాలు కారతాయి. అవి గట్టిపడితే ఇంగువ. మన దేశంలో దాన్ని పొలంలో సాగు చేయడమే 2020 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొదలైంది. ఆ బంకను ఉన్నదున్నట్టు వాడితే ఘాటు తట్టుకోలేం. అందుకని అందులో తినే జిగురు, పిండి కలిపి ఆడిస్తారు. ఎక్కువ కంపెనీలు కలిపేది మైదా. బియ్యప్పిండి కలిపేవారు కొందరే ఉన్నారు. నేను మొదటి నుంచీ ఆ కొందరి సరుకే కొన్నాను. ‘బియ్యప్పిండి తప్ప మరే పిండీ లేదు’ అని రాసి సంతకం పెట్టిన వ్యాపారి దగ్గర, మామూలు ఇంగువ కంటే బాగా ఎక్కువ ధర ఇచ్చి, ఒక్కసారి కూడా బేరమాడకుండా కొన్నాను.

ఈసారి జంతికల నమూనా ల్యాబులో తప్పింది. యూరోపియన్ యూనియన్ 828/2014 నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే గ్లూటెన్ లేదని రాయకూడదు. మా నమూనా దానికి ఎన్నో రెట్లు దాటింది. ముందు బియ్యప్పిండిని అనుమానించాం. తరువాత శనగపిండిని. ఒక్కో సరుకునూ విడివిడిగా పరీక్షకు పంపితే చివరికి ఇంగువ దగ్గర దొరికింది.

చిటికెడు ఇంగువతో ఇంత తేడా వస్తుందా అని మీలో కొందరు అడుగుతారు. లెక్క వేసి చూపిస్తాను. కిలో పిండికి మేం వేసేది రెండు గ్రాముల ఇంగువ. అందులో సగం మైదా అనుకుంటే ఒక గ్రాము. మైదాలో సుమారు పదో వంతు గ్లూటెన్, అంటే 100 మిల్లీగ్రాములు. చట్టం అనుమతించేది 20. పిండిలో నీరు పోయి నూనె చేరాక ఆ అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది గాని, 20కి దిగదు.

ఫోను చేస్తే ఆ వ్యాపారి మొదట నమ్మలేదు. ల్యాబు కాగితం పంపాక నాలుగు రకాలుగా మాట్లాడారు. ఆడించే చోట పిండి మార్చారట. తనకూ చెప్పలేదట. సంతకం పెట్టిన కాగితం పాతదట. ఆఖరున, ‘చిటికెడు ఇంగువకు ఇంత రాద్ధాంతమా అండీ’ అన్నారు. డబ్బు వెనక్కి ఇచ్చారు, సరే. ఆ మాటను మాత్రం నేను మరిచిపోలేకపోతున్నాను.

యూరప్‌లో సుమారు నూటికి ఒకరికి సీలియాక్ ఉంది. వాళ్లు గ్లూటెన్ తింటే చిన్న పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్న వెంటనే పైకి ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే వాళ్లు ప్యాకెట్ మీది గుర్తును నమ్ముకుని బతుకుతారు. ఆ గుర్తు ఎవరికి వారు ముద్రించుకునేది కాదు. లైసెన్సు తీసుకోవాలి, ఏటా తనిఖీకి తలుపు తీయాలి, పరీక్షలు చేయించాలి. మాలాంటి చిన్న వంటశాలకు అది బరువే. అయినా పెట్టుకున్నాం. పుట్టినరోజు పండుగలో మిగతా పిల్లలతో కలిసి తన కొడుకు తినగలిగింది మన జంతికలేనని ఒక తల్లి రాశారు. ఆ ఉత్తరం మా ప్యాకింగు గదిలో గోడకు అంటించి ఉంది. ఆ తల్లికి నేనే ముందుగా ఫోను చేసి చెప్పాను.

తయారై ఉన్న సరుకును ఏం చేశారని అడుగుతారేమో. గోధుమ ఉందని స్టిక్కరు అంటించి అమ్మితే చట్టం ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోలేదు. అదే రంగు, అదే ప్యాకెట్. ఏళ్ల తరబడి కొంటున్నవారు వెనక్కి తిప్పి చదవరు, అలవాటుగా బుట్టలో వేసుకుంటారు. ఆ సరుకంతా విషయం చెప్పి పనివాళ్లకూ తెలిసినవారి ఇళ్లకూ పంచేశాం. కొత్త ప్యాకెట్ పసుపు రంగులో కాకుండా ముదురు ఎరుపులో వస్తుంది. దూరం నుంచి చూసినా వేరే సరుకని తెలియాలి.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి.

మన సరుకు జర్మనీలో ఒక గొలుసు దుకాణాల అరల్లోకి వెళుతోందని మీకు తెలుసు. ఆ గుర్తు ఉండబట్టే అక్కడ చోటు దొరికింది. సంగతి చెప్పగానే వాళ్ల కొనుగోలు అధికారి చాలా సులువైన పరిష్కారం చెప్పారు. ఇంగువ తీసేయండి, గుర్తు ఉంచుకోండి, మా వినియోగదారులకు తేడా తెలియదు అన్నారు. ఆయన మర్యాదగానే అన్నారు. వ్యాపారం దృష్టితో చూస్తే తప్పూ లేదు. మా అమ్మకాల్లో పెద్ద భాగం ఆ అరల నుంచే వస్తోంది. కాదంటే ఆ భాగం పోతుంది.

చేసి చూడకుండా కాదనలేదు. ఇంగువ లేకుండా ఒక వాయి వేయించాం. వేయించిన జీలకర్ర పెంచి ఇంకో వాయి. వెల్లుల్లి పొడి వేసి మరో వాయి. వెల్లుల్లి వేసినది బాగానే ఉంది, కాని అది వేరే తినుబండారం. ఇంగువ లేనిదాన్ని కొరికితే కరకరలాడింది, ఉప్పూ కారమూ సరిపోయాయి, మింగాక నోట్లో ఏమీ మిగల్లేదు. ఇంగువ కట్టిన గుడ్డకైనా వాసన ఉంటుంది, ఈ జంతికకు అదీ లేదు. మా అత్తయ్య ఒకటి తిని, రెండోది తీసుకోకుండా పళ్లెం పక్కకు జరిపారు. ఆవిడ అలా జరపడం నేను ఎప్పుడూ చూడలేదు.

తేడా తెలియనివారి కోసం తేడా తెలిసినవారి రుచి పాడుచేయలేను. ఇంగువ ఉంచాను, గుర్తు తీసేశాను. ఆ దుకాణాల్లో వచ్చే నెల నుంచి మన జంతికలు కనిపించవు.

ఆ అధికారి మీద నాకు కోపం లేదు. యూరప్‌లో చిరుతిళ్ల బజారు ఎటు నడుస్తోందో ఆయన అదే చెప్పారు. అర ముందు నిలబడి చూడండి. బంగాళదుంప చిప్స్ పక్కన ఎర్ర కందిపప్పు చిప్స్, శనగపిండి ఉబ్బు గొట్టాలు, బఠాణీ కర్రలు బారులు తీరాయి. నూనెలో వేయించలేదు, ఓవెన్‌లో కాల్చాం అని పెద్ద అక్షరాలు. అన్నిటికంటే పెద్దగా ప్రోటీన్ అని. పప్పుల విలువ వీళ్లు గుర్తించారని నాకు నిజంగా సంతోషమే. కాని ఆ మాట మన కారప్పూస మీద కూడా వేయమని అడిగారు. అది రాయాలంటే ఇక్కడ చట్టం ఉంది. ఆ పదార్థం ఇచ్చే శక్తిలో కనీసం 12 శాతం ప్రోటీన్ నుంచి రావాలి. ఎక్కువ ప్రోటీన్ అని రాయాలంటే 20 శాతం. శనగపిండి ఒక్కటే అయితే సులువుగా దాటుతుంది. నూనెలో వేగాక మొత్తం శక్తిలో సగానికి పైగా నూనెదే అవుతుంది, ప్రోటీన్ వాటా తొమ్మిది శాతం దగ్గర ఆగిపోతుంది. బఠాణీ ప్రోటీన్ పొడి కలిపితే అంకె పెరుగుతుందన్నారు. కలపను. కారప్పూస నోట్లో వేసుకుంటే విరగాలి, పిండి పిండిగా అంటుకోకూడదు.

నేను దేనికీ మారనని మీరు అనుకోకూడదు. ఆరోగ్యానికి సంబంధించి చట్టం అడిగినది ప్రతిదీ చేశాను, సణుగుకోకుండా చేశాను. చెక్కలు ఇంట్లో చేసినంత ఎర్రగా లేవని మీలో కొందరు చాలాసార్లు రాశారు. పిండిపదార్థాలను బాగా వేడి మీద ఎర్రబడే దాకా వేయిస్తే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. 2018 ఏప్రిల్ నుంచి దాన్ని తగ్గించే జాగ్రత్తలు ఇక్కడ తప్పనిసరి. అందుకే బాణలి వేడి తగ్గించి, ఎక్కువసేపు వేయించి, బంగారు రంగు రాగానే తీసేస్తున్నాం. ఆ రంగు అలాగే ఉంటుంది.

నువ్వుల సంగతి పాతవారికి గుర్తుండే ఉంటుంది. 2020లో భారత్ నుంచి వచ్చిన నువ్వుల్లో ఎథిలీన్ ఆక్సైడ్ దొరికింది. సరుకులో సూక్ష్మజీవులను చంపడానికి వాడే వాయువు అది, ఇక్కడ ఆహారానికి నిషిద్ధం. నువ్వులకు ఉన్న పరిమితి కిలోకు 0.05 మిల్లీగ్రాములు. బ్రెడ్డు నుంచి మసాలా పొడుల దాకా యూరప్ అంతటా దుకాణాలు సరుకు వెనక్కి లాగాయి. అప్పటి నుంచి భారత్ నువ్వులకు రేవుల్లో తనిఖీలు బిగిశాయి. సరైన పరీక్ష కాగితం ఉన్న నువ్వులు దొరికేదాకా మేం నువ్వుల చెక్కలు చేయలేదు. పండుగకు కూడా చేయలేదు. మీరు ఓపిక పట్టారు.

2022 వసంతంలో యుక్రెయిన్ యుద్ధం వల్ల పొద్దుతిరుగుడు నూనె కరువైనప్పుడూ అంతే. ఇక్కడి దుకాణాల్లో మనిషికి ఇన్ని సీసాలే అని బోర్డులు పెట్టారు. పామాయిల్‌కు మారితే లాభం మిగిలేది. మారలేదు.

ధర గురించి దాచను. ఆ దుకాణాల అమ్మకం పోయింది, పరీక్షల ఖర్చు పెరిగింది. 250 గ్రాముల ప్యాకెట్ 4.20 యూరోల నుంచి 4.60 అవుతుంది. ధర అలాగే ఉంచి ప్యాకెట్‌ను 220 గ్రాములకు దించమని సలహా ఇచ్చినవారున్నారు. ఆ పని ఎంతగా పెరిగిందంటే, తూకం తగ్గించిన సరుకు ముందు ఆ సంగతి రాసిపెట్టాలని ఫ్రాన్స్ 2024 జులై 1 నుంచి పెద్ద దుకాణాలకు నిబంధన పెట్టింది. నేను 40 సెంట్లు మీ ముఖం మీదే అడుగుతాను. 30 గ్రాములు చాటుగా తీయను.

గ్లూటెన్ పడనివారి కోసం వెల్లుల్లి కారప్పూస, వాము కారప్పూస గుర్తుతోనే కొనసాగుతాయి. వాటిలో మేం ఎప్పుడూ ఇంగువ వేయలేదు. ఇకపై వాటికి బాణలి వేరు, నూనె వేరు, జంతికల గొట్టాలు వేరు. వాటిని వారం మొదట్లో, వంటశాల కడిగాక, మరేదీ ముట్టుకోకముందే చేస్తాం.

జంతికలకు ఆ గుర్తు తిరిగి తేవాలని నాకు లేదా? ఉంది. పిండి కలపని ఇంగువ బంకను తెప్పించి పరీక్షలు మొదలుపెట్టాం. రాయిలా ఉన్న ముక్కను రాత్రి గోరువెచ్చని నీళ్లలో వేస్తే తెల్లవారేసరికి నీళ్లు పాలలా తెల్లబడతాయి. వడకట్టి ఆ నీళ్లతోనే పిండి కలుపుతున్నాం. వాసన అద్భుతంగా ఉంది. చిక్కు ఒక్కటే. ఒక ముక్క ఘాటు ఇంకో ముక్కకు ఉండదు. నిన్న కమ్మగా వచ్చిన జంతిక ఇవాళ చేదెక్కుతోంది. కొలత కుదరాలి, వరుసగా వచ్చే లాట్లన్నీ ల్యాబులో నెగ్గాలి. అప్పటిదాకా తేదీ చెప్పను. తొందరపెట్టకండి.

ముందే డబ్బు కట్టి జంతికలు, చెక్కలు, చేగోడీలు అడిగినవారికి ఈ వారంలో ఫోను చేస్తాం. గోధుమ ఉన్నా ఫరవాలేదంటే ఎరుపు ప్యాకెట్ పాత ధరకే పంపుతాం. వద్దంటే కారప్పూస పంపుతాం, లేదా డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాం. నెదర్లాండ్స్, ఆస్ట్రియా పార్సిళ్లకు కూడా ఇదే పద్ధతి. ఇంట్లో ఎవరికైనా సీలియాక్ ఉందని మాకు ఇంతవరకు చెప్పనివారు, ఆర్డరు పెట్టేటప్పుడు ఒక మాట రాయండి. మీ పెట్టెను ఎరుపు ప్యాకెట్లు లేని బల్ల మీద విడిగా కడతాం.