హరితరేణువు ఎంత వేగంతో నడుస్తుందో పిల్లలతో కొలిపించండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ సైన్స్ పేజీలో వేసిన జీవకణం బొమ్మను మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డుకు అంటించాం. చక్కటి బొమ్మ. అందులో అన్నీ ఎక్కడివక్కడ కుదురుగా ఉన్నాయి. బతికున్న కణం లోపల అలా ఉండదు. ఆ కదలికను కొలవొచ్చని, మామూలు డిగ్రీ కాలేజీలో ఉన్న సామాను అందుకు చాలని చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గోదావరి డెల్టాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో 19 ఏళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఏటా పిల్లలు హైడ్రిల్లా అనే నీటిమొక్క ఆకు కణాన్ని పెన్సిల్‌తో గీసి, కణద్రవ్యం తిరుగుతోందని చూపడానికి ఒక బాణం గుర్తు పెడతారు. ఆ బాణానికి మార్కులు వేసేస్తాం. రెండేళ్ల క్రితం సెకండియర్ అమ్మాయి ఒకతె మైక్రోస్కోపు మీంచి తలెత్తి, "ఇది ఎంత స్పీడులో వెళ్తోంది మేడం?" అని అడిగింది. అన్నేళ్ల సర్వీసులో నాకు రాని ప్రశ్న అది. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను.

పంట కాలువలో దొరికే హైడ్రిల్లా కొసన ఉండే లేత ఆకును నీటిబొట్టులో పెట్టి కవర్ స్లిప్ వేస్తే మొదట ఏమీ కదలదు. దీపం వెలుగు కాసేపు పడ్డాక నడిమి ఈనె పక్క కణాల్లో ఒక హరితరేణువు, అంటే ఆకుకు పచ్చరంగునిచ్చే క్లోరోప్లాస్ట్, మెల్లగా జరుగుతుంది. దాని వెనక ఇంకొకటి. ఇంకాసేపటికి అన్నీ కణం గోడ వెంబడి ఒకే దిక్కుగా బారులు తీరి తిరుగుతుంటాయి. యాక్టిన్ అనే సన్నటి దారాల మీద మయోసిన్ ప్రోటీన్లు నడుస్తూ లాగడం వల్ల ఈ ప్రవాహం పుడుతుంది. మన కండరం ముడుచుకోవడం వెనక ఉన్నదీ ఆ ప్రోటీన్ కుటుంబమే.

మేం ఫోన్‌ను మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూసే ఐపీస్‌కు బిగించి వీడియో తీశాం. సెకనుకు 30 ఫ్రేములు. తర్వాత స్టేజ్ మైక్రోమీటర్‌ను, అంటే ఒక మిల్లీమీటరును వంద భాగాలు చేసిన గాజు స్కేలును, అదే లెన్సు కింద ఫొటో తీశాం. మా ఫోన్‌లో 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) 62 పిక్సెళ్లు వచ్చాయి. వీడియోను ఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాం. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో వేన్ రాస్‌బాండ్ తయారుచేసింది, పూర్తిగా ఉచితం. ఒక హరితరేణువు 150 ఫ్రేముల్లో 186 పిక్సెళ్లు జరిగింది. అంటే 5 సెకన్లలో 30 మైక్రాన్లు, సెకనుకు 6. మొదటిసారి అందరికీ దీనికి రెట్టింపు వచ్చింది. స్కేలు ఫొటో తీశాక ఎవరో ఫోన్ జూమ్ మార్చారు. ఇంకోసారి ఆకే జారింది. అప్పుడు కణం గోడ ఎంత జరిగిందో చూసి దాన్ని తీసేయడం నేర్చుకున్నారు. కొలవడమంటే ఏమిటో ఆ రెండు తప్పులే వాళ్లకు నేర్పాయి.

రేణువులు పోయే దారి మీద ఒక గీత గీసి, ప్రతి ఫ్రేములోనూ ఆ గీత మీద పడ్డ పిక్సెళ్లను ఒకదాని కింద ఒకటి పేరిస్తే ఇంకో బొమ్మ వస్తుంది. అందులో ఒక్కో రేణువు ఒక్కో ఏటవాలు చార. చార ఎంత పక్కకు ఒరిగితే అంత వేగం. ఆగిన రేణువు నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. ఆ బొమ్మ తెర మీదికి వచ్చినప్పుడు క్లాసులో చప్పుడు లేదు.

ఫిజిక్స్ సార్‌ని పిలిస్తే, ద్రవంలో కదిలే గుండ్రటి వస్తువుకు ఎంత అడ్డు తగులుతుందో చెప్పే స్టోక్స్ సూత్రంతో లెక్క వేయించారు. అంత రేణువును అంత వేగంతో నీళ్లలో లాగాలంటే దాదాపు 0.3 పికోన్యూటన్ల బలం కావాలి. పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు. కణద్రవ్యం నీళ్లకన్నా చిక్కన, పైగా రేణువుతోపాటు తనూ పారుతుంటుంది. అందుకే ఆ అంకె పక్కన "అంచనా మాత్రమే" అని పిల్లల చేత రాయించాం.

నిజంగా బలం కొలిచే పద్ధతి కూడా చిత్రాల మీదే నడుస్తుంది. 1980లో జీవశాస్త్రవేత్త ఆల్బర్ట్ హారిస్, ఆయన సహచరులు పల్చటి సిలికోన్ పొర మీద కణాలను పెంచితే, అవి పాకుతూ పొరను ముడతలు పెట్టాయి. తర్వాతి వాళ్లు మెరిసే పూసలు కలిపిన మెత్తటి జెల్ వాడారు. కణం లాగుతుండగా ఒక ఫొటో, కణాన్ని ఊడదీసి జెల్ సర్దుకున్నాక ఇంకొకటి. ఏ పూస ఎంత జరిగిందో, జెల్ ఎంత గట్టిదో తెలిస్తే కణం ఎంత బలంతో లాగిందో లెక్క తేలుతుంది. క్యాన్సర్ కణం చుట్టూ ఉన్న కణజాలాన్ని తోసుకుంటూ ఎలా పాకుతుందో ఇలాగే చూస్తున్నారు.

ఇంత కష్టపడి ఒక అమ్మాయి చేసిన రికార్డు చూసి, ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన ఒక ఎగ్జామినర్ "బొమ్మ ఏదమ్మా? ఇవన్నీ సిలబస్‌లో లేవు" అని మార్కులు తగ్గించారు. ఆ అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. బొమ్మ గీయడం తీసేయమనడం లేదు, అది కంటికి శిక్షణ. దాని పక్కన ఈ ఒక్క కొలత ప్రయోగం చేర్చండి. ప్రతి కాలేజీకి ఒక స్టేజ్ మైక్రోమీటర్ కొనివ్వండి. సెకనుకు ఇన్ని మైక్రాన్లు అని రాసిన పిల్లలకు, ఎలా కొలిచారో అడిగి, మార్కులు వేయమని ఎగ్జామినర్లకు రాతపూర్వకంగా చెప్పండి. మేం వాడిన సూచనల కాగితం తెలుగులోనే ఉంది, రెండు పేజీలు. ఏ కాలేజీ వాళ్లు అడిగినా ఇస్తాం.

– ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
కోనసీమ