పాత బోటుకు కొత్త ఇంజన్: ఇకపై మా అంచనాలు రెండు విడతలుగా

పాత మోటారు బోటుకు కొత్త ఇంజన్, కొత్త డ్రైవ్ (ఇంజన్ శక్తిని ప్రొపెల్లర్‌కు అందించే భాగం) అమర్చే పనిని మాకు అప్పగించినవారికీ, అప్పగించాలని ఆలోచిస్తున్నవారికీ ఒక మార్పు తెలియజేయవలసి ఉంది. ఇకపై ఈ పనికి మొదటి రోజే పూర్తి ధర చెప్పము. పాత ఇంజన్‌ను బయటికి తీసి, దాని కింద, వెనుక ఉన్న నిర్మాణాన్ని పరీక్షించేంతవరకే మొదటి అంచనా ఉంటుంది. పరీక్షలో తేలిన విషయాలను ఫొటోలతో సహా మీకు అందజేసిన తరువాతనే రెండో అంచనా ఇస్తాము. అది మీకు అంగీకారం కాకపోతే పరీక్షకైన ఖర్చు మాత్రమే చెల్లించి బోటును తీసుకువెళ్లవచ్చు. ఒకే అంకె చెప్పే వర్క్‌షాప్ దొరికితే కొందరు అటు వెళ్తారని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాము.

ఇంజన్ ధర దాచేది కాదు, తయారీదారు జాబితాలోనే ఉంటుంది. ముందుగా చెప్పలేనిది ఆ ఇంజన్‌ను మోయవలసిన బోటు స్థితి. 1959లో వోల్వో పెంటా సంస్థ ఆక్వామాటిక్ డ్రైవ్ వచ్చినప్పటి నుంచి స్టెర్న్‌డ్రైవ్ బోట్లలో ఇంజన్ లోపల, డ్రైవ్ బయట ఉండి, రెండూ ట్రాన్సమ్, అంటే బోటు వెనుక గోడ, గుండా కలుస్తున్నాయి. వీటిలో చాలావాటికి బోటును ముందుకు నెట్టే బలమంతా ఆ గోడ మీదనే పడుతుంది. పాత ఫైబర్‌గ్లాస్ బోట్లలో చాలావాటికి ఆ గోడ లోపల ఉండేది ప్లైవుడ్. నిచ్చెన బోల్టుల దగ్గర, డ్రెయిన్ ప్లగ్ దగ్గర, డ్రైవ్ కోసం కోసిన రంధ్రం అంచుల దగ్గర ఏళ్ల తరబడి నీరు ఇంకి ఆ చెక్క మెత్తబడుతుంది. పైన జెల్‌కోట్, అంటే ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పూత, మాత్రం మెరుస్తూనే ఉంటుంది. చెదలు తిన్న ద్వారబంధానికి రంగు వేసినట్టే ఇది కూడా, చూస్తే తెలియదు. సుత్తితో తట్టి శబ్దం వింటాము, తేమ మీటరు పెడతాము, అనుమానం ఉన్నచోట లోపలి వైపు నుంచి సన్నటి రంధ్రాలు వేసి పొట్టు తీసి చూస్తాము. పొట్టు పొడిగా, లేత రంగులో వస్తే సంతోషమే. నల్లగా, తడిగా వస్తే ట్రాన్సమ్‌ను మళ్లీ కట్టవలసిందే. స్ట్రింగర్ల మీద, అంటే బోటు అడుగున పొడవునా ఉండే దూలాల మీద, ఇంజన్ మౌంట్ల మరలు దిగిన చోట్ల కూడా ఇదే పరీక్ష జరుగుతుంది.

కట్టడం అంటే ఏదో ఒక మందంలో కట్టడం కాదు. ఉదాహరణకు మెర్క్రూయిజర్ కంపెనీ డ్రైవ్‌కు ట్రాన్సమ్ మందం 51 నుంచి 57 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, లోపలి తలమూ బయటి తలమూ సమాంతరంగా ఉండాలి. ఈ కొలత తప్పితే సీలు సరిగా కూర్చోదు, ఇంజన్, డ్రైవ్ ఒకే గీతలో ఉండే ఎలైన్‌మెంట్ నిలవదు, ఆ రెండిటినీ కలిపే షాఫ్ట్‌ను మోసే గింబల్ బేరింగ్ త్వరగా అరిగిపోతుంది.

మమ్మల్ని ఎక్కువగా అడిగేది, పాత డ్రైవ్‌ను అలాగే ఉంచి ఇంజన్ మాత్రం మార్చమని. ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచన సహజమే. అయినా ఈ పనిని చాలావరకు తిరస్కరిస్తున్నాము. పాత డ్రైవ్ గేర్లు ఆనాటి ఇంజన్ టార్క్‌కు, అంటే తిప్పే బలానికి, సరిపడేలా తయారైనవి. కొత్త ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్ తక్కువ వేగంలోనే ఎక్కువ టార్క్ ఇస్తుంది కాబట్టి మొదట దెబ్బతినేది ఆ గేర్లే. ఓఎంసీ అనే సంస్థ డ్రైవ్‌ల సంగతి మరీ కష్టం. ఆ సంస్థ 2000 డిసెంబరులో దివాలా తీసింది, విడిభాగాలు వెతుక్కోవలసి వస్తోంది. అందులోనూ 1980ల మధ్య వరకు వచ్చిన స్ట్రింగర్ రకం డ్రైవ్‌లలో బరువును మోసేది ట్రాన్సమ్ కాదు, స్ట్రింగర్లు. గోడలో పెద్ద రంధ్రం, దాని చుట్టూ రబ్బరు బూటు ఉంటాయి. అటువంటి బోటుకు ఆధునిక డ్రైవ్ పెట్టాలంటే ఆ రంధ్రాన్ని పూర్తిగా మూసి, చెక్కా ఫైబర్‌గ్లాసూ పొరలుగా వేసి, గోడను కొత్త భారానికి తగ్గట్టు గట్టిపరచి, ఆపైన కొత్త కొలతలో కోయాలి. ఇంజన్ దించడం కంటే ఈ పనికే ఎక్కువ శ్రమ పడుతుంది.

కారు ఇంజన్ తెచ్చి బోటులో పెట్టమని అడిగేవారికి మా సమాధానం ఒకటే: కుదరదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కనుక బిల్జ్‌లో, అంటే బోటు అట్టడుగు భాగంలో, పేరుకుంటుంది. బోటుకు వాడే స్టార్టర్, ఆల్టర్నేటర్ లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా తయారవుతాయి, కారువి అలా తయారు కావు. ఈ విషయంలో బేరం లేదు.

అశ్వశక్తి గురించి కూడా చెప్పాలి. బోటు తయారీదారు పలక మీద రాసిన గరిష్ఠ శక్తిని మించి మేము అమర్చము. బరువు కూడా చూడాలి. పాత ఇనుప వీ8 ఇంజన్, డ్రైవ్ కలిసి 400 కిలోలు దాటడం మామూలే. దాని స్థానంలో తేలికైనది వస్తే బోటు వెనుక భాగం నీటిలో తక్కువగా మునుగుతుంది, బరువైనది వస్తే ఎక్కువగా కుంగుతుంది. ఎక్కువగా కుంగినప్పుడు ఎగ్జాస్ట్ ఎల్బో (పొగ బయటికి వెళ్లే వంపు గొట్టం) నీటిమట్టానికి ఎంత పైన ఉందో మళ్లీ కొలవాలి, లేకుంటే ఆగి ఉన్న ఇంజన్ సిలిండర్లలోకి నీరు చేరే ప్రమాదం ఉంది.

రెండో అంచనాలో ఇంధన వ్యవస్థ ఇకపై విడిగా కనిపిస్తుంది. కార్బురేటర్ సహించిన చెత్తను ఇంజెక్టర్ సహించదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల రెజిన్‌ను కరిగిస్తుంది, ఆ జిగురు నేరుగా ఇంజన్‌లోకి వెళ్తుంది. కాబట్టి ట్యాంకును పరీక్షించకుండా, నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టర్ పెట్టకుండా కొత్త ఇంజన్‌ను స్టార్ట్ చేయము. వైరింగ్ కూడా మార్చవలసి రావచ్చు, తుప్పు పట్టిన పాత కనెక్షన్లలో వోల్టేజి పడిపోతే ఇంజన్ కంప్యూటర్ తప్పుడు హెచ్చరికలు ఇస్తుంది.

రెండో ప్రొపెల్లర్ ఖర్చును కూడా అంచనాలో చేరుస్తున్నాము. ఇది విని కొందరు ముఖం చిట్లిస్తారు, అయినా కారణం ఉంది. సాధారణ బరువుతో పూర్తి థ్రాటిల్‌లో నడిపినప్పుడు ఇంజన్ తయారీదారు చెప్పిన వేగపరిధిలోకి రావాలి. పిచ్, అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టులో లెక్కప్రకారం ముందుకు జరిగే దూరం, ఒక అంగుళం మారితే ఇంజన్ వేగం నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్ల మేర మారుతుంది. కాగితం మీద లెక్కవేసి ఎంచిన ప్రొపెల్లర్ మొదటిసారే సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. పరిధిని అందుకోలేని ఇంజన్ ఎప్పుడూ అధిక భారం మోస్తున్నట్టే. మొదటిదే సరిపోతే ఆ మొత్తాన్ని బిల్లు నుంచి తీసివేస్తాము.

రివా, క్రిస్‌క్రాఫ్ట్ వంటి చెక్క బోట్లు ఉన్నవారికి మా సలహా వేరు. ఆ బోటుతో పుట్టిన ఇంజన్ ఇంకా అందులోనే ఉంటే, దాన్ని తీసివేసేముందు బాగుచేయించడం సాధ్యమేమో చూడండి, ఎందుకంటే సేకరణకారులు ఆ ఇంజన్‌కూ విలువ కడతారు. మాకు వచ్చే పని తగ్గినా ఇదే చెబుతాము. మార్చక తప్పదనుకుంటే, అసలు చట్రాన్ని కోయకుండా రేపు పాతదాన్ని తిరిగి పెట్టగలిగేలా అమరుస్తాము. ఇంజన్ నుంచి ప్రొపెల్లర్‌కు నేరు షాఫ్ట్ ఉన్న బోట్లకు చివరి ఎలైన్‌మెంట్ నీటిలో దించిన తరువాతనే చేస్తాము, ఎందుకంటే చెక్క నీరు పీల్చి ఉబ్బినప్పుడు బోటు ఆకారం కొద్దిగా మారుతుంది. ఇంజన్ వైపునూ షాఫ్ట్ వైపునూ కలిపే నాలుగు అంగుళాల ఫ్లాంజ్‌ల (గుండ్రటి పళ్లాల) మధ్య ఎడం ఎక్కడ కొలిచినా 0.1 మిల్లీమీటరుకు మించి తేడా ఉండకూడదు. చెక్క ఉబ్బే ఆ కొన్ని రోజులు బోటు సిద్ధమైనట్టే కనిపిస్తుంది, అయినా అప్పగించము.

ప్రస్తుతం మా దగ్గర వరుసలో ఉన్న బోట్లన్నిటికీ ఈ పద్ధతే వర్తిస్తుంది. ట్రాన్సమ్ పరీక్ష పూర్తయి, మీరు రెండో అంచనాకు ఒప్పుకునే వరకు కొత్త ఇంజన్‌ను ఆర్డర్ చేయము, కాబట్టి దానికి అడ్వాన్సు కూడా అడగము. ఇంజన్ రావడానికి పట్టే సమయం మా చేతిలో లేదు. బోట్లు తిరిగే కాలం మొదలయ్యేసరికి నీటిలో ఉండాలనుకునేవారు, అంతకుముందు కాలం ముగిసిన వెంటనే బోటును పంపడం మంచిది. కొత్తగా మమ్మల్ని సంప్రదించేవారు ఇంజన్, డ్రైవ్‌ల మీది సీరియల్ పలకల ఫొటోలు, ట్రాన్సమ్‌ను లోపలి నుంచీ బయటి నుంచీ తీసిన ఫొటోలు, ఇప్పుడు వాడుతున్న ప్రొపెల్లర్ వ్యాసం, పిచ్, పూర్తి థ్రాటిల్‌లో టాకోమీటరు చూపే ఇంజన్ చుట్ల అంకె పంపితే, మొదటి అంచనా ఇవ్వడానికి అవి సరిపోతాయి.