మామయ్య బండిని ఫ్రేము కోయకుండా మార్చుకో

హైదరాబాద్

చిరంజీవి స్రవంతికి నాన్న ఆశీస్సులు.

మామయ్య నీకు ఇచ్చేసిన యమహా ఆర్15ను దసరా సెలవుల్లో మన కూకట్‌పల్లి ఇంటి పార్కింగులోనే స్ట్రీట్‌ఫైటరుగా, అంటే పై తొడుగులు తీసేసి వెడల్పాటి హ్యాండిల్ బిగించిన బండిగా, మార్చుకుంటానని, అందుకోసం 25,000 రూపాయలు కూడబెట్టానని రాశావు. చాలా సంతోషించాను. అయితే నువ్వు పంపిన జాబితాలో ఎల్‌ఈడీ హెడ్‌లైటు, పొట్టి తోక, పెద్ద శబ్దం చేసే సైలెన్సరు, మ్యాట్ నలుపు రంగు ముందు వరుసలో ఉన్నాయి, టైర్లు, బ్రేకులు చివరన ఉన్నాయి. ఆ జాబితాను తలకిందులు చేయమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

స్ట్రీట్‌ఫైటరు పుట్టిందే చేతిలో డబ్బు లేక. 1980లలో ఇంగ్లండు కుర్రాళ్ళు 1985లో వచ్చిన సుజుకి జీఎస్ఎక్స్-ఆర్750 లాంటి రేసు బండ్లను కింద పడేసినప్పుడు, కొత్త ఫెయిరింగ్ (బండి ముందూ పక్కలా కప్పే తొడుగు) కొనే స్తోమత లేక పగిలిన ముక్కలను ఊడదీసి, క్లిప్-ఆన్‌ల (ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు పైపులకు విడివిడిగా బిగించే పొట్టి హ్యాండిళ్ళ) స్థానంలో వెడల్పాటి హ్యాండిల్ బిగించి మళ్ళీ రోడ్డెక్కారు. కంపెనీలు ఆ రూపాన్ని తర్వాత అందుకున్నాయి. ట్రయంఫ్ స్పీడ్ ట్రిపుల్ 1994లో వచ్చింది, డుకాటి 2009లో ఏకంగా స్ట్రీట్‌ఫైటర్ అనే పేరుతోనే బండి తెచ్చింది. కాబట్టి మామయ్య జారిపడినప్పుడు ఎడమవైపు ఫెయిరింగ్ పగిలిపోవడం నీకు లోటు కాదు. దాన్ని విప్పడంతోనే బండికి సగం రూపం వచ్చేస్తుంది, అందుకు రూపాయి ఖర్చు కూడా ఉండదు.

అసలు పనంతా హ్యాండిల్ దగ్గర ఉంది. ఫ్లాట్ హ్యాండిల్ మనం పట్టుకునే చోట 22 మిల్లీమీటర్ల మందం ఉంటుంది కనుక ఇప్పుడున్న లివర్లు, స్విచ్చులు దాని మీదికి మార్చుకోవచ్చు. కానీ దాన్ని నిలబెట్టే క్లాంపుల కోసం కంపెనీ పోతపోసిన పై టీకి (రెండు ఫోర్కులను పైన కలిపి పట్టే లోహపు పలకకు) రంధ్రాలు వేయాలని మాత్రం అనుకోకు. ఆ పోత అడుగు భాగం చాలాచోట్ల గుల్లగా ఉంటుంది, పలచని గోడలో డ్రిల్లు దిగితే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. దాని బదులు 6061 రకం అల్యూమినియం దిమ్మె నుంచి కొత్త టీ మిల్లింగ్ చేయిద్దాం. బాలానగర్‌లో నేను పనిచేసిన షాపులో ఇప్పటికీ నా మాట చెల్లుతుంది, దిమ్మె ఖరీదు మాత్రం నువ్వు ఇచ్చుకుంటే చాలు. పాత టీలో రెండు ఫోర్కుల మధ్య దూరం ఎంతో, ఫోర్కుల కేంద్రరేఖకూ స్టెమ్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు) కేంద్రానికీ మధ్య ఆఫ్‌సెట్ (ఎడం) ఎంతో కొత్తదానిలోనూ అంతే ఉండాలి. పై టీకీ కింది టీకీ ఈ కొలతల్లో ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా ఫోర్కు పైపులు ఇరుకున పడి, గతుకుల్లో సాఫీగా కిందికీ పైకీ ఆడవు.

హ్యాండిల్ ఎత్తు, వెడల్పు పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, ముందు బ్రేకు హోసు మూడూ చాలకుండా పోతాయి. బిగించిన తర్వాత బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పుతూ ఆర్‌పీఎం (ఇంజను వేగం) ముల్లును చూడు. ముల్లు ఏమాత్రం పైకి కదిలినా కేబుల్ లాగుతోందని అర్థం. అలాంటి బండి ట్రాఫిక్‌లో యూ-టర్న్ తీసుకుంటుండగా తనంతట తానే ముందుకు దూకుతుంది. హోసును కలిపే బ్యాంజో బోల్టుకు అటూ ఇటూ వేసే రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే వెయ్యి, ఒకసారి నలిగిన రాగి మళ్ళీ సరిగా కూర్చోదు, ఫ్లూయిడ్ చెమరుస్తుంది. బ్రేకు ఫ్లూయిడ్ పెయింటును తినేస్తుంది కనుక ట్యాంకు మీద ముందే గుడ్డ కప్పు. గాలి బుడగలన్నీ పోయి లివరు వేళ్ళ కింద రాయిలా నిలిచేదాకా బండి గేటు దాటకూడదు.

ఫెయిరింగ్ తీసేస్తే దాని వెనక దాక్కున్న కనెక్టర్లు, హారన్, కూలెంట్ డబ్బా, రేడియేటరు అన్నీ బయటపడతాయి. అద్దాలకు కూడా కొత్త ఆధారం కావాలి. వైర్లు విప్పేముందు ప్రతి కనెక్టరుకూ టేపు చుట్టి పేరు రాసి, ఫొటో తీసి పెట్టుకో. బండి మెడ దగ్గర హ్యాండిల్ తిరిగేందుకు సరిపడా వదులు ఉంచి, రాపిడి తగిలే చోట స్లీవు వెయ్యి. మన వానల్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచే రోడ్లు నీకు తెలుసు కదా, అందుకని కనెక్టర్లు నీళ్ళు చిమ్మే చోట వేలాడకూడదు. రేడియేటరు ముందు చక్రం లేపే రాళ్ళకు నేరుగా ఎదురుపడుతుంది, దానికి జాలీ తప్పనిసరి. వెనక మడ్‌గార్డు కోయకు.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అందుకే నలుపు రంగు వద్దు, ఆర్‌సీలో ఉన్న నీలమే ఉంచు. సైలెన్సరు కంపెనీదే ఉండాలి, ఆసుపత్రుల పక్కనా, ఇళ్ళ మధ్యా ఆ మోత నాకు అస్సలు ఇష్టం లేదు. పైగా ఈ బండి 2012లో రిజిస్టరు అయింది, 2027లో దానికి 15 ఏళ్ళు నిండుతాయి. రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే అధికారి బండిని చూస్తారు. ఫ్రేముకు వెల్డింగు గానీ కోత గానీ లేకుండా ప్రతిదీ బోల్టులతోనే బిగిస్తే, విప్పిన పాత భాగాలన్నీ అటక మీద దాచిపెడితే, ఒక్క ఆదివారంలో బండిని పాత రూపానికి తెచ్చుకోవచ్చు. బ్రాకెట్లు కావాలంటే బెంచి మీద విడిగా వెల్డు చేసి తెచ్చి బిగిద్దాం.

డబ్బులో సగానికి పైగా రెండు టైర్లకు, బ్రేకు ప్యాడ్లకు, చెయిన్ స్ప్రాకెట్ సెట్‌కు, హ్యాండిల్ బేరింగులకు కేటాయించు. స్పేర్లు పుత్లీబౌలిలో, బోల్టులు, బేరింగులు రాణిగంజ్‌లో చూద్దాం. బిల్లు ఇవ్వని సెకండ్‌హ్యాండ్ భాగం ఎంత చవకైనా కొనవద్దు, అది ఎవరి బండి నుంచి ఊడి వచ్చిందో మనకు తెలియదు.

ఈ ఆదివారం పై టీ విప్పి వెర్నియర్‌తో కొలతలు తీసి నీకు పంపుతాను. నువ్వు కాలేజీలో డ్రాయింగు గీసి, ఫోర్కు బోర్లకూ (రంధ్రాలకూ) స్టెమ్ బోరుకూ టాలరెన్సులు (కొలతలో ఎంత తేడా చెల్లుతుందో) రాసి పంపు. సెలవులకు ముందే అది షాపుకు చేరితే నువ్వు వరంగల్ నుంచి వచ్చేసరికి టీ సిద్ధంగా ఉంటుంది.

ఆశీస్సులతో,
నాన్న