సయాటికా మందులకు మన జిల్లాలోనే పరీక్ష జరగాలి

సంపాదకులకు నమస్కారం.

పలాస-కాశీబుగ్గలో చాలా ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. బీపీ, షుగర్ మందుల తర్వాత మా షాపుకి వచ్చే చీటీల్లో ఎక్కువగా కనిపించేవి నరాల బిళ్ళలు. నడుము దగ్గర మొదలై తుంటి మీదుగా పాదం దాకా కరెంటు కొట్టినట్టు లాగే నొప్పికి రాస్తారు. డాక్టర్లు దీన్నే సయాటికా అంటారు. జీడి ఫ్యాక్టరీలో పొద్దంతా కూర్చుని పిక్కలు ఒలిచే ఆడవాళ్ళు, కొబ్బరి చెట్లెక్కేవాళ్ళు, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్ళు, ఊడ్పుల కూలీలు ఈ నొప్పితో వస్తుంటారు. నరాల నొప్పి మందు ప్రీగాబాలిన్, దానికి తోడు మిథైల్‌కోబాలమిన్ అనే బీ12 విటమిన్, పైన ఒక పెయిన్‌కిల్లర్. నెలల తరబడి అదే చీటీ.

ఈ ప్రీగాబాలిన్ సయాటికాకి పనిచేస్తుందా? షుగర్ వల్ల వచ్చే నరాల నొప్పికి ప్రీగాబాలిన్ పనిచేస్తుందని పరీక్షల్లో తేలింది. అది నరం నొప్పే, ఇదీ నరం నొప్పే కదా అని సయాటికాకీ రాయడం అలవాటైపోయింది. కానీ ఆస్ట్రేలియాలోని సిడ్నీ పరిశోధకులు 209 మంది సయాటికా రోగులను తీసుకుని, కొందరికి ప్రీగాబాలిన్, మిగతావాళ్ళకి అచ్చం అలాగే కనిపించే మందు లేని బిళ్ళ ఇచ్చి చూశారు. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఆ ఫలితాలు 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఎనిమిది వారాలకి కాలి నొప్పి సగటు, పదికి, మందు వాడినవాళ్ళలో 3.7, మందు లేని బిళ్ళ వాడినవాళ్ళలో 3.1. ఏడాది తర్వాత చూసినా మందు వల్ల లాభం కనబడలేదు. దుష్ఫలితాలు మాత్రం మందు వైపు 227, అవతల 124. వాటిలో కళ్ళు తిరగడమే ఎక్కువ. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2020లో సయాటికాకి ప్రీగాబాలిన్, దాని కోవకే చెందిన గాబాపెంటిన్ ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పింది.

మందు లేని బిళ్ళ వేసుకున్నవాళ్ళకీ మొదట్లో కంటే నొప్పి తగ్గింది చూడండి. సయాటికా చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ సమయంలో ఏ బిళ్ళ మింగితే ఆ బిళ్ళకే పేరు వస్తుంది. అందుకే పోల్చి చూడకుండా మందు గుణం తేల్చలేం.

మన దగ్గర దీనికి ఇంకో పెద్ద చిక్కు ఉంది. ఇది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను కూల్చిందో మీ పత్రిక పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. ప్రీగాబాలిన్ దాదాపు మొత్తం మూత్రంలోనే బయటికి పోవాలి. కిడ్నీ నీరసిస్తే మందు ఒంట్లోనే పేరుకుంటుంది కాబట్టి డోసు తగ్గించి ఇవ్వాలి. పక్కన రాసే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి పెయిన్‌కిల్లర్లు కిడ్నీకే దెబ్బ. పైగా ప్రీగాబాలిన్‌తో కొందరికి కాళ్ళు వాస్తాయి. మా వైపు కాళ్ళు వాచాయంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే, కిడ్నీ పోయిందేమోనని. అది మందు వాపో, జబ్బు వాపో కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయిస్తే గానీ తెలియదు. ఇక కళ్ళు తిరుగుతున్న మనిషి కొబ్బరి చెట్టెక్కితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

సిడ్నీ పరీక్షలో మన జీడి కార్మికులు లేరు, ఉద్దానం కిడ్నీలు లేవు. కాబట్టి శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల, పలాస కిడ్నీ పరిశోధన కేంద్రం కలిసి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సాయంతో, ప్రభుత్వ ఖర్చుతో ఇక్కడే అలాంటి ఒక పరీక్ష (ట్రయల్) జరపాలని కోరుతున్నాను. ప్రీగాబాలిన్‌తో పాటు, నరాల నొప్పికి వాడే, తక్కువ ఖరీదుకి దొరికే అమిట్రిప్టిలిన్ అనే మందునీ చూడాలి. వ్యాయామం, ఫిజియోథెరపీ అందరికీ ఇవ్వాలి. చేర్చుకునే ముందు ప్రతి ఒక్కరికీ క్రియాటినిన్ చూడాలి, ఆ తర్వాత కూడా చూస్తూ ఉండాలి. నొప్పికి పదికి ఎన్ని మార్కులని అడిగితే మా వాళ్ళు తెల్లమొహం వేస్తారు. ఎంతసేపు కూర్చుని పిక్కలు ఒలవగలుగుతున్నావు, వారంలో ఎన్ని రోజులు కూలికి వెళ్ళావు అని అడగండి, సరైన జవాబు వస్తుంది. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినవాళ్ళనీ, పాదం పైకి లేవనివాళ్ళనీ మాత్రం ట్రయల్‌లో పెట్టకుండా వెంటనే సర్జన్ దగ్గరికి పంపాలి.

ట్రయల్ అనగానే జనం భయపడతారు. ఆ భయానికి కారణముంది. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికల మీద జరిపిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా అధ్యయనంలో ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటరీ కమిటీ 2013లో దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అది ఇక్కడ జరగకూడదు. మందు లేని బిళ్ళ కూడా రావచ్చనీ, ఎప్పుడైనా మానుకోవచ్చనీ, మానుకుంటే వైద్యం ఆగదనీ మన మాటల్లోనే చెప్పి, ఆ చెప్పడాన్ని రికార్డు చేయాలి. చట్టం అడిగినా అడగకపోయినా చేయాలి. ఆసుపత్రికి వచ్చిన రోజు కూలి చెల్లించాలి. ట్రయల్‌ని ముందుగానే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేసి, ఫలితం ఎలా వచ్చినా తెలుగులో అచ్చువేసి పీహెచ్‌సీల్లో అంటించాలి.

ఇది చదివి ఎవరూ బిళ్ళలు ఉన్నట్టుండి ఆపేయవద్దు. ప్రీగాబాలిన్ ఒక్కసారిగా మానేస్తే ఇబ్బందులు వస్తాయి, డాక్టరుని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి. ట్రయల్ మొదలుకావడానికి సమయం పట్టవచ్చు. ఈలోగా ఉద్దానం మండలాల్లో నరాల నొప్పికి చీటీ రాసే ముందు క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి చేస్తూ జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ఉత్తర్వు ఇవ్వవచ్చు. దానికి ఏ పరిశోధన కోసమూ ఆగాల్సిన పని లేదు.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా