టాలీ కాని నవల

సంపాదకులకు నమస్కారం.

సొంతంగా పుస్తకం వేసుకోవడం గురించి గత ఆదివారం మీ పేపర్లో వచ్చిన వ్యాసం చదివాను. కాగితం ఎంత, కవరు ఎంత, ఐఎస్‌బీఎన్ అనే పుస్తకం గుర్తింపు నంబరు ఎలా తెచ్చుకోవాలి, అన్నీ వివరంగానే రాశారు. ప్రూఫు చదవడం, అంటే అచ్చుకి వెళ్లేముందు తప్పులు ఏరడం, ఆ ఒక్క పని గురించి మాత్రం అందులో ముక్క కూడా లేదు. నా ఖర్చుల పుస్తకంలో కూడా ఆ పనికి ఎదురుగా సున్నాయే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నేను విశాఖ డాకులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన టాలీ క్లర్కుని. ఓడలోంచి దిగే బస్తాలూ, ఓడలోకి ఎక్కే బస్తాలూ లెక్కపెట్టి గీతలు గీయడం నా ఉద్యోగం. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. మా అమ్మమ్మ మాంగనీసు గంపలు నెత్తిన మోసిన మనిషి. 1933లో ఈ హార్బరు తెరిచిందే ముఖ్యంగా మధ్య పరగణాల నుంచి రైల్లో వచ్చే మాంగనీసు ఎగుమతి కోసం. ఆవిడ చెప్పిన కబుర్లు, ఓల్డ్ టౌన్ సందుల్లో నేను విన్నవీ కన్నవీ కలిపి ఒక నవల రాయాలని ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టాను. నాలుగు లాంగ్ నోటుబుక్కులు నిండాక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. మా ఇంటి రేకులు ఎగిరిపోయాయి, అటక మీద రెండు పుస్తకాలు నానిపోయి సిరా అంతా ఒక్కటైపోయింది. మళ్లీ పెన్ను పట్టుకోవడానికి రిటైర్మెంటు దాకా ఆగాల్సి వచ్చింది. ఈసారి ఫోన్లో, ఒంటి వేలితో, పద్నాలుగు నెలలు టైపు చేశాను. నోటితో చెబితే ఫోనే రాసుకుంటుందని మా మనవరాలు చూపించింది గానీ, నేను త్వరగా రమ్మని ‘బేగి రా’ అంటే అది ‘బ్యాగు రా’ అని రాసింది. వేలే నయమనుకున్నాను.

ఇక లెక్క. డెమ్మీ సైజు, 208 పేజీలు, అంటే పదహారు పేజీల ఫారాలు పదమూడు. 70 జీఎస్‌ఎం మ్యాప్‌లిథో కాగితం. డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చడం, పేజీకి ముప్ఫై చొప్పున 6,240. కవరు డిజైను 4,000. అచ్చు, బైండింగు కలిపి కాపీకి 82, అయిదు వందల కాపీలకి 41,000. విజయవాడ నుంచి లారీ పార్సిలు 1,100. మొత్తం 52,340 రూపాయలు. ఐఎస్‌బీఎన్‌కి పైసా కాలేదు. అది రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇచ్చే నంబరు. సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లు కూడా ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు. దానికి అయిదు వేలు అడిగినవాళ్లు నాకు తగిలారు, మీ పాఠకులు ఎవరూ ఇచ్చుకోవద్దు. ఆవిష్కరణ సభకి శాలువాలు, హాలు, టిఫిన్లు కలిపి 11,500. సభలో మాట్లాడిన అయిదుగురిలో ఇద్దరు పుస్తకం చదివారు. ఆ ఇద్దరిలో ఒకరు కవరు వెనక అట్ట మాత్రమే చదివారని నా అనుమానం.

ప్రూఫు చదివినందుకు: సున్నా. నేను రాసిందే కదా, నేనే చదువుకుంటానులే అనుకున్నాను. అక్కడే మునిగాను.

ఫోన్లో మనం టైపు చేసేది యూనికోడు, అంటే ఇప్పటి ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదివే అక్షరాల పద్ధతి. అచ్చు పనికి చాలాచోట్ల ఇంకా పాత కంప్యూటరు పద్ధతులైన పేజ్‌మేకర్, అనూ ఫాంట్లే వాడుతున్నారు. ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి మార్చేటప్పుడు ఉన్న వత్తులు రాలిపోతాయి, లేనిచోట కొత్తవి పుట్టుకొస్తాయి. నా కథానాయిక పేరు మహాలక్ష్మి. పుస్తకంలో నలభై ఒక్కచోట్ల ఆవిడ ‘మహాలక్షి’ అయిపోయింది. డాల్ఫిన్‌నోస్ కొండ ‘డాల్ఫిన్నోస్’ అయింది. ‘స్టేషన్‌లో’ కాస్తా ‘స్టేషన్లో’ అయి, న కింద ల వత్తు వేలాడుతోంది. మా చిన్నప్పుడు వీటిని ముద్రారాక్షసాలు అని ముద్దుగా అనుకునేవాళ్లం. డబ్బు మనదైతే అంత ముద్దు రాదు.

ఇవి యంత్రం చేసిన తప్పులు. మనిషి చేసింది ఇంకోటి ఉంది. నా నవల్లో సంభాషణలన్నీ మా వైపు మాటలే. ఏటి, నాను, బేగి, గుంటడు, ఎల్లొస్తాను. డీటీపీ చేసిన కుర్రాడు చాలా మంచివాడు, పనిమంతుడు. ఫైనల్ ఫైలు ఇస్తూ, ‘‘మాస్టారూ, మీ స్పెల్లింగులు చాలా తప్పులున్నాయి, అన్నీ సరిచేసేశాను. దానికి చార్జీ ఏమీ వద్దులెండి’’ అన్నాడు. నేను వత్తుల తప్పులనుకుని దణ్ణం పెట్టాను. ఫైలు తెరిచి పైపైన రెండు ఫారాలు చూసి సరేనన్నాను. ఆ రెండూ కథ చెప్పే భాగాలు, మాటలు తక్కువ. అచ్చయి వచ్చాక చూస్తే ‘ఏటి’ అన్నచోటల్లా ‘ఏమిటి’, ‘నాను’ అన్నచోటల్లా ‘నేను’, ‘బేగి’ అన్నచోటల్లా ‘త్వరగా’. మాంగనీసు గంప మోసే మనిషి ‘‘త్వరగా రండి, నేను వెళ్లి వస్తాను’’ అంటోంది!

మా వీధిలోకి చేపలు తెచ్చే అవ్వ ఉంది. రాసేటప్పుడు ఏ మాట అనుమానంగా ఉన్నా ఆవిణ్ణే అడిగేవాణ్ణి. పుస్తకం వచ్చిన మర్నాడు గుమ్మంలో కూర్చోబెట్టి ఒక పేజీ చదివి వినిపించాను. కాసేపు విని, ‘‘ఏటి బాబూ, ఈ మనిసి టీవీలో వార్తలు సదివినట్టు మాటాడతాది?’’ అంది. నవలకి వచ్చిన మొదటి సమీక్ష అదే. అంత కచ్చితమైనది మళ్లీ రాలేదు.

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారిది ఈ ఉత్తరాంధ్రే. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం చేసి దండలు వేస్తాం. ఇక్కడే వకీలుగా ఉంటూ రావిశాస్త్రి గారు ఈ నేల మాటలతోనే అంత సాహిత్యం రాశారు. అయినా ఇక్కడ పుట్టిన కుర్రాడికే మన మాట స్పెల్లింగు తప్పులా కనబడింది. అతణ్ణి తప్పుపట్టను. అతనికి బళ్లో చెప్పింది అది. తప్పంతా నాదే, రెండు ఫారాలు చూసి పదమూడు ఫారాలకీ సంతకం పెట్టినందుకు.

ఇందులో నాకు సిగ్గుచేటు ఏమిటంటే, ఈ సంగతి నాకు డాకులో మొదటి రోజే నేర్పారు. ఓడ దగ్గర లెక్క ఒక్కడే వెయ్యడు. ఓడ తరఫున ఒకడు, ఒడ్డు తరఫున ఒకడు, ఇద్దరూ విడివిడిగా గీతలు గీసుకుంటారు. షిఫ్టు చివర రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వస్తే ఎవడూ ఇంటికెళ్లడు. లెక్కపెట్టేవాడు ఎంత నిజాయితీపరుడైనా, నూరో బస్తా దగ్గర ఆవులిస్తాడు. నా నవలకి ఓడ వైపూ నేనే, ఒడ్డు వైపూ నేనే. ‘మహాలక్షి’ అని ఉన్నా నా కంటికి మహాలక్ష్మే కనబడుతుంది, ఎందుకంటే నేను చదువుతున్నది కాగితం మీద ఉన్నది కాదు, బుర్రలో ఉన్నది.

1954 నాటి చట్టం ఒకటి ఉంది. పుస్తకం వేసినవాడు తన ఖర్చుతో నెల రోజుల్లోగా కలకత్తా, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని నాలుగు లైబ్రరీలకి ఒక్కో కాపీ పంపాలి. రూలంటే రూలే కదా అని తప్పులు కళ్లబడకముందే పంపించేశాను. కాబట్టి నా ముద్రారాక్షసాలు ఇప్పుడు కలకత్తా నేషనల్ లైబ్రరీ దాకా చేరాయి. మిగతా కాపీల టాలీ ఇదీ: సభలో అమ్మినవి 45, చుట్టాలకీ పెద్దలకీ ఇచ్చినవి 118, షాపులకి వేసినవి 60, లైబ్రరీలకి 4. షాపుల్లో నూటికి నలభై కమిషన్, పదకొండు అమ్ముడయ్యాయి. మంచం కింద 273 ఉన్నాయి. పాత పుస్తకాల్లో చివర తప్పొప్పుల పట్టిక ఉండేది చూడండి, అలాంటిది నాలుగు పేజీలు జెరాక్సు తీయించి ఈ 273 కాపీల్లోనూ అంటించాను. జిగురు మా ఆవిడ రాసింది, అంటించడం నా వంతు. మూడు రోజులు పట్టింది.

కొత్తగా నవల వేసుకునేవాళ్లకి నా అనుభవం మీద ఒక మాట. ఒకేసారి అయిదు వందలకి వెళ్లకండి. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగులో ఇరవై కాపీలు కూడా వేసిస్తున్నారు. కాపీకి ధర రెట్టింపు పైన పడుతుంది, పడనివ్వండి. ఆ ఇరవై ఇరవై మందికి ఇచ్చి, పెన్సిలుతో గీతలు పెట్టమని అడగండి. చుట్టాలకి మాత్రం ఇవ్వకండి, వాళ్లు ‘చాలా బాగుంది’ అనే అంటారు.

ఇక మీతో పని. ఒకప్పుడు ప్రతి పేపరు ఆఫీసులోనూ ప్రూఫ్‌రీడర్లు ఉండేవారు. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు కాపీ పట్టుకుని సరిచూసేవారట. మా ఓడా ఒడ్డూ లాగానే. కంప్యూటర్లు వచ్చాక వాళ్ల బల్లలు పోయాయి. అలా రిటైరైనవాళ్లు ఈ ఊళ్లో, సీతమ్మధారలోనో మహారాణిపేటలోనో, తప్పకుండా ఉంటారు. పొద్దున్నే మీ పేపరు తీసి ఎర్ర పెన్నుతో తప్పులు గీసుకుంటూ కూర్చునే ఉంటారు, ఆ అలవాటు అంత తేలిగ్గా పోయేది కాదు. మీ జిల్లా పేజీలో ఒక చిన్న ప్రకటన వేసి వాళ్లని అడగండి. ఒప్పుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు, పేజీకి ఎంత తీసుకుంటారో, నెలకోసారి అచ్చు వెయ్యండి. స్థలం లేదంటారేమో, ‘స్వీకారం’ కింద పుస్తకాల పేర్లు వేసే చోట నాలుగు లైన్లు చాలు.

నా రెండో నవల నూట ఇరవై పేజీలైంది. పేజీకి పది అన్నా సరే, పదిహేనన్నా సరే, బేరమాడను. ‘ఏటి’ని మాత్రం ముట్టుకోకూడదు.

ఇట్లు,
విశ్రాంత టాలీ క్లర్కు,
ఓల్డ్ టౌన్, విశాఖపట్నం