భోర్ ఘాట్ పాత రైలుదారిని కాపాడమంటూ రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నేను పుణెలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి. తెలుగులోనే రాస్తున్నా, మీ ఆఫీసులో చదివి చెప్పేవాళ్ళు ఎవరో ఒకరు ఉండకపోరు, రైల్వేలో మనవాళ్ళు లేని డిపార్ట్‌మెంట్ ఎక్కడుంది చెప్పండి. సూటిగా విషయానికొస్తా. ముంబై పుణె దారిలో, కర్జత్‌కీ లోనావాలాకీ మధ్య భోర్ ఘాట్ అనే కనుమ మీద, 1929లో వాడకం ఆపేసిన పాత రివర్సింగ్ స్టేషన్ (రైలు ఆగి దిక్కు మార్చుకుని కొండెక్కే స్టేషన్) చోటు ఒకటుంది, దాని అటూ ఇటూ 1863 నాటి పాత లైను ఆనవాళ్ళున్నాయి. అది మీ శాఖ ఆస్తి. దాన్ని హెరిటేజ్ కింద తీసుకుని కాపాడండి, జనం చూసేలా చెయ్యండి అని అడగడానికే ఈ లేఖ. ఇంత పాతది ఇన్నాళ్ళూ ఉంది కదా, ఇప్పుడేం తొందర అంటారేమో, అదే ఘాట్‌లో అమృతాంజన్ బ్రిడ్జికి ఏమైందో చూశాం కాబట్టి తొందర.

2020 ఏప్రిల్ 5న, దేశమంతా లాక్‌డౌన్‌లో తలుపులేసుకుని కూర్చున్నప్పుడు, ఆ బ్రిడ్జిని మందుపాతరలు పెట్టి పేల్చేశారు. 1830లో కట్టిన రాతి బ్రిడ్జి, అంటే దేశంలో రైలు అనేదే లేనప్పటిది. కారణం లేకుండా పడగొట్టారని అనను, ముంబై పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద దాని స్తంభాల దగ్గర రోడ్డు ఇరుకై ట్రాఫిక్ ఆగిపోయేది, యాక్సిడెంట్లు అయ్యేవి, లాక్‌డౌన్‌లో బళ్ళు లేవు కాబట్టి పని సులువు అనుకున్నారు. కానీ ఎవరైనా నోరు తెరిచి అడిగే లోపే అయిపోయింది, టీవీలో ఒక పది సెకన్ల దుమ్ము, అంతే. ఆ పేరు దానికి ఎలా వచ్చిందో మనవాళ్ళకి కొంచెం చెప్పాలి, అక్కడ అమృతాంజనం హోర్డింగ్ ఉండేది, దాంతో జనం నోట అదే పేరు పడిపోయింది. ఆ అమృతాంజనం 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది మన కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి వచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. ఆంధ్రపత్రిక కూడా 1908లో ముందు వారపత్రికగా బొంబాయిలోనే పుట్టింది, తర్వాత 1914లో మద్రాసుకి వెళ్ళి దినపత్రిక అయింది. అంటే తలనొప్పి మందు అమ్మిన డబ్బుతో మన భాషకి ఒక పత్రిక వచ్చింది, అదే మందు పేరుతో సహ్యాద్రి కొండల్లో ఒక బ్రిడ్జి ఉండేది, అది లేదు ఇప్పుడు. సరే, అది రాష్ట్ర ప్రభుత్వపు రోడ్ల సంస్థ పని, మీది కాదు. రివర్సింగ్ స్టేషన్ మాత్రం మీ చేతిలోదే.

ఈ కనుమ నిన్నా మొన్నటిది కాదండి. కొంకణ తీరం నుంచి దక్కన్ పీఠభూమి ఎక్కాలంటే సహ్యాద్రిలో దొరికే దారులు కొన్నే, వాటిలో ఇదొకటి. ఘాట్ ఎక్కి లోనావాలా దాటగానే కార్లా, భాజా గుహలు ఎందుకున్నాయి మరి, వర్తకులు ఎక్కి దిగే దారి కాబట్టే అక్కడ బౌద్ధ విహారాలు తొలిచారు, వర్తకులే దానాలిచ్చారు. కార్లా గుహలో శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పులుమావి కాలం శాసనం ఉంది, అదే పులుమావి పేరుతో మన అమరావతి స్తూపం దగ్గరా శాసనం ఉంది. శాతవాహనులు మావాళ్ళంటే మావాళ్ళని మరాఠీవాళ్ళూ మనమూ కొట్టుకుంటుంటాం గానీ ఈ కనుమ నుంచి కృష్ణ ఒడ్డు దాకా వాళ్ళ లెక్కలో ఒకటే రాజ్యం. ఘాట్ మీద కాపలాకి రాజ్‌మాచీ కోట, పైన లోహగడ్, విసాపూర్ కోటలు. 1779లో ఇంగ్లీషు సైన్యం ఈ ఘాట్ ఎక్కి పుణె మీదకి పోబోయి వడ్‌గావ్ దగ్గర మరాఠాల చేతిలో ఓడి సంధి రాసిచ్చింది. తర్వాత పీష్వాలు పోయారు, ఇంగ్లీషువాళ్ళు మిగిలారు, 1830 నవంబర్‌లో బొంబాయి గవర్నర్ జాన్ మాల్కమ్ బళ్ళు నడిచే రోడ్డుని తెరిచాడు, పేల్చేసిన బ్రిడ్జి ఆ రోడ్డుదే.

ఇక రైలు. 1853లో బొంబాయి నుంచి ఠాణే దాకా మొదటి రైలు నడిచింది అని చిన్న పిల్లలకి కూడా క్విజ్‌లో అడుగుతారు, కానీ ఆ ముప్పై నాలుగు కిలోమీటర్లు చదును నేల, అసలు పరీక్ష అక్కడ కాదు. కొండ ఎక్కించడమే పరీక్ష. ఘాట్ లైన్ పని 1856లో మొదలైంది. పుణె వైపు 1858కే ఖండాలా దాకా పట్టాలు పడ్డాయి, బొంబాయి వైపు ఖోపోలీ దాకా పడ్డాయి, మధ్యలో కొండ మిగిలింది, దాంతో ఐదేళ్ళ పాటు ప్యాసింజర్లు ఖోపోలీలో దిగి పల్లకీల్లోనో గుర్రాల మీదో కొండెక్కి ఖండాలాలో ఇంకో రైలు పట్టుకునేవాళ్ళు. మనం ప్లాట్‌ఫారం మారమంటేనే విసుక్కుంటాం.

దాదాపు 16 మైళ్ళ దారిలో 1,831 అడుగుల ఎత్తు ఎక్కాలి. 25 సొరంగాలు తొలిచారు, లోయలు దాటించే పొడవాటి వంతెనలు, అంటే వయాడక్టులు, 8 కట్టారు, కొన్ని చోట్ల వాలు ఎంతంటే 37 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకి, పట్టాల మీద ఇనప చక్రానికి అది చాలా ఎక్కువ. పని మీద ఒక దశలో 40 వేల మందికి పైగా కూలీలు ఉన్నారు. బసాల్ట్ రాయిని చేతి సుత్తులతో, మందుగుండుతో తొలిచారు. కొండ చరియల మీద తాళ్ళకి వేలాడుతూ రాతికి కన్నాలేసి మందు కూరేవాళ్ళు. వానాకాలం వస్తే పని ఆగేది, కలరా మొదలయ్యేది. పేలుళ్ళలో, జారిపడి, కలరాతో, జ్వరాలతో చచ్చిపోయినవాళ్ళు వేలల్లో. 1859 జనవరిలో కూలి డబ్బులు సరిగ్గా ఇవ్వట్లేదని వాళ్ళు తిరగబడ్డారు, గొడవ పెద్దదైంది, అప్పటి కాంట్రాక్టర్ చేతిలోంచి పని పోయింది. తర్వాత కాంట్రాక్టు తీసుకున్న సాలమన్ ట్రెడ్‌వెల్ వచ్చిన కొన్ని వారాలకే జబ్బు చేసి పోయాడు, అప్పుడు ఆయన భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ ఇంటికి వెళ్ళిపోకుండా కాంట్రాక్టు తన పేరున తీసుకుని ఇద్దరు మేనేజర్లని పెట్టి పూర్తి చేయించింది. 1859లో ఒక ఆడమనిషి ఆసియాలోనే కష్టమైన రైల్వే కాంట్రాక్టు నడిపింది అంటే మన స్కూలు పుస్తకాల్లో ఒక్క ముక్క ఉండొద్దా? లైన్ డిజైన్ చేసిన చీఫ్ ఇంజినీర్ జేమ్స్ బర్క్‌లీ 1862లోనే చనిపోయాడు, 1863 ఏప్రిల్ 21న రైలు ఎక్కడం చూడలేదు. తీరా కట్టిన నాలుగేళ్ళకే 1867లో ఒక వయాడక్టు కూలిపోయింది, రాతి కట్టుబడి నాసిరకం. కాంట్రాక్టు పనుల క్వాలిటీ గురించి ఇంక నేనేం మాట్లాడను.

అంటే ఇక్కడ పేరు మిగిలింది ఇంజినీరుకీ, కాంట్రాక్టరుకీ, గవర్నరుకీ. కూలీల పేర్లు ఎక్కడా లేవు. ఒక్క పేరు మాత్రం జనం దాచుకున్నారు, శింగ్రోబా. కొండలో దారి తెలియక తిప్పలు పడుతున్న ఇంగ్లీషు ఇంజినీర్లకి దారి చూపించింది ఈ ధన్‌గర్ గొర్రెల కాపరి అనీ, పని అయ్యాక వాళ్ళే చంపేశారనీ ఇక్కడ ఎవర్ని అడిగినా చెప్తారు. పాత ముంబై పుణె రోడ్డు పక్కన ఆయనకి గుడి ఉంది, డ్రైవర్లు దణ్ణం పెట్టుకుని వెళ్తారు. కథలో నిజమెంతైనా కానివ్వండి, సర్కారు ఒక్క రాయి పాతకపోతే జనం గుడి కట్టుకున్నారు.

ఇప్పుడు రివర్సింగ్ స్టేషన్ సంగతి. ఖండాలా కింద కొండ కొమ్ము ఒకచోట మరీ ఇరుకు, రైలు వంపు తిరగడానికి జాగా లేదు. దానికి వాళ్ళు చేసిన ఉపాయం ఏంటంటే రైలుని కొండ అంచు దాకా తీసుకెళ్ళి ఆపేయడం, ఇంజన్ విప్పి వెనక వైపు తగిలించడం, అప్పుడు వచ్చిన దిక్కుకి వ్యతిరేకంగా ఇంకో లైన్ మీద పైకి ఎక్కడం, ఇరుకు సందులో ఆటోవాడు రివర్స్ కొట్టి తిప్పుకున్నట్టు. అంచు దాటితే లోయే. కిందకి దిగే రైళ్ళకి బ్రేకులు ఫెయిలైతే అంతే సంగతులు, అందుకే ఈ ఘాట్‌లో క్యాచ్ సైడింగ్‌లు వచ్చాయి, అదుపు తప్పిన రైలుని ఎగువ వాలు మీదకి మళ్ళించి ఆపేస్తాయి, ఇప్పటికీ ఉన్నాయి. 66 ఏళ్ళు అలా నడిచింది. 1929లో కరెంటు లైన్ వేసేటప్పుడు కొత్త సొరంగాలు తొలిచి లైన్ మార్చేశారు, రివర్సింగ్ స్టేషన్ అలా వదిలేశారు. మరుసటి ఏడు 1930 జూన్ 1న ముంబై పుణె మధ్య డెక్కన్ క్వీన్ రైలు మొదలైంది.

మీ శాఖ ముంబై సీఎస్ఎంటీ స్టేషన్ బిల్డింగుకి రంగురంగుల లైట్లేసి చూపిస్తుంది, 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మంచిదే. కానీ ఆ బిల్డింగు కట్టే స్తోమత ఈ లైన్ వేసిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా (జీఐపీ) రైల్వే కంపెనీకి ఎక్కణ్ణించి వచ్చిందండి? ఈ ఘాట్ నుంచీ, నాసిక్ వైపు థల్ ఘాట్ నుంచీ దిగిన సరుకు వల్లే కదా. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతూ ఇంగ్లాండ్ మిల్లులకి పత్తి కరువైన రోజుల్లో, సరిగ్గా 1863లో ఈ లైన్ తెరుచుకుంది, దక్కన్ పత్తి బొంబాయి రేవుకి దిగింది. డార్జిలింగ్, నీలగిరి, సిమ్లా రైళ్ళకి కూడా యునెస్కో గుర్తింపు ఉంది, అవి దొరలు చల్లగాలికి వెళ్ళే బుల్లి రైళ్ళు. భోర్ ఘాట్ దేశానికి పనిచేసిన లైన్, ఇంకా చేస్తూనే ఉంది, అదే దాని దురదృష్టం, రోజూ పనిచేసేదాన్ని ఎవరూ చూడరు.

మా తెలుగువాళ్ళ సంగతే తీసుకోండి. హుస్సేన్ సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళినా వచ్చినా ఈ ఘాట్ రాత్రిపూటే దాటుతుంది, అందరూ నిద్రలో ఉంటారు. ముంబై నుంచి వచ్చేటప్పుడు కర్జత్‌లో రైలు ఆగడం, కొండెక్కేటప్పుడు వెనక నుంచి నెట్టే బ్యాంకర్ ఇంజన్లు తగిలించినప్పుడు చిన్న కుదుపు, మెలకువగా ఉన్నోడు వడాపావ్ కోసం కిందకి దిగడం, అంతవరకే తెలుసు. ఆ వెనక ఇంజన్లు ఎందుకో కూడా చాలామందికి తెలీదు. భివండీ మగ్గాల మీదకీ, ముంబై బిల్డింగు పనులకీ తెలంగాణ జిల్లాల నుంచి తరాల తరబడి వచ్చిన జనంలో ఎంతో మంది ఎక్కి దిగిన దారి ఇది. ముంబైలో కామాఠీపురా పేటకి ఆ పేరే నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. కాబట్టి ఇది మరాఠీవాళ్ళ వ్యవహారం, నీకెందుకయ్యా అని ఎవరైనా అంటే అదీ నా జవాబు.

అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదండి. నాకు గాజు వంతెన వద్దు, సెల్ఫీ పాయింట్ అసలే వద్దు. ముందు ఆ చోటుని రైల్వే హెరిటేజ్ లిస్టులో పెట్టి, పడగొట్టడానికి, రాళ్ళు తవ్వుకుపోవడానికి వీల్లేదని ఆర్డర్ ఇవ్వండి. వానాకాలంలో కుర్రాళ్ళు మంకీ హిల్ వైపు నడిచే పట్టాల మీదే ట్రెక్కింగ్ చేస్తున్నారు, రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్ళు పట్టుకుని ఫైన్లేస్తున్నారు, వేయాల్సిందే, కానీ పాత లైన్ వెంబడి కంచె వేసిన సరైన కాలిబాట ఒకటి ఉంటే సగం మంది అటే పోతారు. కొండ చరియల భయం నిజమే, 2019లో ఇదే ఘాట్‌లో వానలకి లైన్ దెబ్బతిని నెలల తరబడి రైళ్ళు రద్దయ్యాయి, అందుకే నాలుగు నెలలు మూసేసి మిగతా ఎనిమిది నెలలు తెరవండి. కర్జత్, లోనావాలా స్టేషన్లలో ఆ కూలీల గురించి ఒక రాతి పలక పెట్టండి, మరాఠీ హిందీ ఇంగ్లీషుతో పాటు తెలుగు కన్నడ కూడా ఉంటే ఎవరికీ నష్టం లేదు, ఆ ప్లాట్‌ఫారం మీద ఆగే రైళ్ళు అన్ని రాష్ట్రాలకీ వెళ్తాయి.

ఇంకో మాట కూడా అనేస్తా. అటు రోడ్డువాళ్ళు ఎక్స్‌ప్రెస్‌వేకి మిస్సింగ్ లింక్ అని 13 కిలోమీటర్ల కొత్త దారి పెట్టుకున్నారు, సొరంగాలు, కేబుల్ వంతెన. రేపు మీరు కూడా బ్యాంకర్ ఇంజన్లు అక్కర్లేని తక్కువ వాలు లైన్ ఒకటి వేస్తారు, వెయ్యాలి కూడా, ప్రతి బండికీ వెనక ఇంజన్లు తగిలించే ఖర్చూ టైమూ ఎంత కాలం భరిస్తారు. ఆ రోజు ఇప్పటి ఘాట్ లైన్ గతి ఏంటి? రివర్సింగ్ స్టేషన్ లాగా వదిలేస్తారా, తుక్కు కింద వేలం వేస్తారా? ఆ కొత్త లైన్ ప్రాజెక్టు రిపోర్టు (డీపీఆర్) రాసేటప్పుడే పాత లైన్‌ని ఏం చేయాలో ఒక పేజీ రాయించండి, కట్టాక రాయిస్తే ఎవరూ రాయరు.

2030కి ఘాట్ రోడ్డుకి 200 ఏళ్ళు, డెక్కన్ క్వీన్‌కి వందేళ్ళు. ఆ ఏడు ఎలాగూ కేకులు కోసి, ఇంజన్‌కి దండలేసి, ఫోటోలు దిగుతారు. కాలిబాట, రాతి పలక ఆలోపు పూర్తయ్యేలా ఇప్పుడే మంజూరు చెయ్యండి, సెంట్రల్ రైల్వే జనరల్ మేనేజర్ గారికి కూడా ఈ లేఖ కాపీ పంపుతున్నా. జవాబు ఏ భాషలో ఇచ్చినా పర్లేదు, మరాఠీ నాకు బాగానే వచ్చు.

ఇట్లు,
పుణెలో ఉంటున్న ఒక తెలుగు ప్యాసింజర్