సలహా వెంట ఫొటో ఉండాలి: మన ఫొటోగ్రఫీ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కార్యవర్గం తరఫున ఈ ఏడాది నివేదిక మీ ముందు పెడుతున్నాను. మనం ఆన్‌లైన్‌లోనే కలుసుకుంటాం. చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు గానీ, ఒకరి ఫొటోలు ఒకరికి బాగా తెలుసు. ఇది మనలో ఎవరికీ బతుకుతెరువు కాదు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల పనులు అన్నీ అయ్యాక మిగిలిన కాస్త టైము కెమెరాకు ఇస్తున్నాం. అందుకే ఇక్కడ ఒక తప్పు సలహా దొరికితే ఒకరి సెలవురోజు మొత్తం పోతుంది. కొన్నిసార్లు మళ్లీ రాని సందర్భమే పోతుంది. ఒకరికొకరం ఇచ్చుకునే సలహాను ఎలా చెప్పాలి, విన్నదాన్ని ఎలా తూచుకోవాలి అన్నదాని మీదే ఈ ఏడాది ఎక్కువగా పనిచేశాం. నివేదికలో ఎక్కువ భాగం కూడా దాని గురించే. మిగతా విషయాలు చివర్లో రెండు మాటల్లో ముగిస్తాను.

ముందుగా నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. మన సభ్యురాలు ఒకరు, సాయంత్రం స్టేజీ మీద తన పాప డాన్స్ ఉందని, ఫొటోల్లో నాయిస్ (ఇసుక చల్లినట్టు కనిపించే గరుకు) రాకుండా ఏం చేయాలని అడిగారు. నేను ఒక్క ముక్కలో, "ఐఎస్ఓ 100 దాటనివ్వకండి, నాయిస్ ఉండదు" అని రాశాను. ఐఎస్ఓ అంటే అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె. చాలామంది అవునన్నారు. మర్నాడు ఆవిడ ఆ ఫొటోలు పెట్టారు. వెనక తెర మడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. పక్కన మైకు స్టాండు కూడా స్పష్టంగా ఉంది. పాప చేతులు మాత్రం రెండు తెల్లటి గీతల్లా సాగిపోయాయి. ముఖంలో కళ్లు ఎక్కడున్నాయో తెలియడం లేదు. సెట్టింగులు చూస్తే అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్4, ఐఎస్ఓ 100, షట్టర్ తెరిచి ఉన్న సమయం 1/15 సెకను. నాయిస్ లేని మాట నిజమే. కానీ ఆ తల్లి చూసుకోవాలనుకున్న ముఖం అందులో లేదు.

ఐఎస్ఓ 1600 పెట్టుకోమని ఉంటే నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపు అంటే రెట్టింపు) కలిసొచ్చేవి. అదే వెలుతురులో, అదే అపర్చర్‌తో షట్టర్ 1/250 సెకను దాకా వెళ్లేది. కాస్త గరుకుగా ఉన్నా పాప ముఖం మిగిలేది. అసలు నాయిస్‌కు పెద్ద కారణం ఐఎస్ఓ అంకె కాదు, సెన్సార్ మీద పడే వెలుతురు తక్కువ కావడం. ఒక పిక్సెల్ మీద 10,000 ఫోటాన్లు పడితే అందులో ఎగుడుదిగుడు సుమారు 100 ఉంటుంది, అంటే నూటికి ఒకటి. 100 ఫోటాన్లే పడితే ఎగుడుదిగుడు 10, అంటే నూటికి పది. చీకటి స్టేజీ మీద ఐఎస్ఓ ఎంత పెట్టినా ఈ లెక్క మారదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. నేను కొండలు, కట్టడాలు తీస్తాను. అవి కదలవు, నా కెమెరా ట్రైపాడ్ మీద ఉంటుంది. అక్కడ ఐఎస్ఓ 100 మంచి అలవాటే. ఆవిడ అడిగింది పాప డాన్స్ గురించి, నేను చెప్పింది నా అలవాటు గురించి. సభ్యురాలికి అప్పుడే క్షమాపణ చెప్పాను, ఇక్కడ అందరి ముందూ మళ్లీ చెబుతున్నాను.

ఆ రోజు నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది ఆ "అవును"లు. అవునన్నవారిలో స్టేజీ ఫొటోలు తీసినవాళ్లు ఎవరూ లేరని తర్వాత మాట్లాడుకుంటే తెలిసింది. ఎప్పటినుంచో ఉన్న సభ్యుడు చెప్పాడు కదా అని ఒప్పుకున్నారు. ఎంతమంది ఒప్పుకున్నారన్నదాన్ని బట్టి సలహా మంచిదో కాదో తేల్చుకోలేమని మాకు అప్పుడే గట్టిగా తెలిసొచ్చింది.

దాంతో కార్యవర్గం ఒక పద్ధతి పెట్టింది. సలహా చెప్పేవారు తాము ఆ పద్ధతిలో తీసిన ఫొటో ఒకటి జతచేయాలి, సెట్టింగులు రాయాలి, ఆ సలహా ఎక్కడ పనికిరాదో ఒక్క వాక్యంలో చెప్పాలి. సెట్టింగులు గుర్తుంచుకోనక్కర్లేదు. 1995లో వచ్చిన ఎక్సిఫ్ ప్రమాణం పుణ్యమా అని షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ, లెన్స్ పొడవు అన్నీ ఫొటో ఫైల్లోనే ఉంటాయి. అయితే అదే ఫైల్లో ఫొటో తీసిన చోటు కూడా ఉండవచ్చు. ఇంట్లో తీసినవి, పిల్లల ఫొటోలు పెట్టేముందు దయచేసి లొకేషన్ తీసేయండి.

ఆ మూడింటిలో చివరిదే, అంటే సలహా ఎక్కడ పనికిరాదో చెప్పడమే కష్టమని, అదే అన్నిటికన్నా విలువైనదని ఈ ఏడాది అనుభవం చెబుతోంది. "ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటి వెయ్యండి" అని మనవాళ్లు తరచూ అంటారు, అంటే కెమెరా ఎంచుకున్నదానికన్నా ఒక స్టాపు వెలుగ్గా తీయమని. తెల్లగోడ ముందు నిలబెట్టి తీసేటప్పుడు అది సరైన మాటే. కెమెరా మీటరు ఎదుట ఉన్నదాన్నంతా మధ్యస్థమైన బూడిద రంగుకు తేవాలని చూస్తుంది కాబట్టి తెల్లగోడ మసకబారుతుంది, ప్లస్ వేస్తే తేటబడుతుంది. నల్లకోటు వేసుకున్న మనిషిని ముదురు తలుపు ముందు తీసేటప్పుడు అదే మాట వింటే కోటు వెలిసిపోయినట్టు వస్తుంది, అక్కడ మైనస్ వెయ్యాలి. సలహా ఒక్కటే, సందర్భం మారితే ఫలితం తారుమారవుతుంది. "ఇది తెల్లటివాటికి మాత్రమే" అన్న ఆ చిన్న వాక్యం లేకపోతే వినేవారికి సగం మాటే అందినట్టు.

ఈ పద్ధతి మీద అభ్యంతరాలు వచ్చాయి. అందులో ఒకటి నిజంగా ఆలోచించదగ్గది. కొత్తగా వచ్చినవారు బాగా చదువుకుని ఉండొచ్చు, చూపించడానికి ఫొటో మాత్రం ఉండకపోవచ్చు, వాళ్ల నోరు నొక్కినట్టు అవుతుంది కదా అన్నారు. వాళ్లు చెప్పకూడదని మా ఉద్దేశం కాదు. "చదివాను, తీసి చూడలేదు" అని ముందు రాసి చెప్పమన్నాం. ఇప్పుడు ఆ మాట మన మధ్య మామూలైపోయింది, సీనియర్లు కూడా రాస్తున్నారు. కృత్రిమ మేధను అడిగి తెచ్చే జవాబులకూ ఇదే వర్తిస్తుంది. ఆ జవాబులు చాలా ధీమాగా ఉంటాయి, వాటి వెనక తీసిన ఫొటో ఉండదు. తెచ్చి పెట్టండి, ఎక్కడినుంచి తెచ్చారో చెప్పండి, వీలైతే మీరే తీసి చూసి పెట్టండి.

నెలకోసారి "తీసి చూద్దాం" కార్యక్రమం నడిపాం. అందరూ చెప్పుకునే ఒక సూత్రాన్ని తీసుకుని, ఎవరి కెమెరాతో వాళ్లు పరీక్షించడం దీని ఉద్దేశం. నాకు బాగా నచ్చినది అపర్చర్ పరీక్ష. అన్నీ స్పష్టంగా రావాలంటే ఎఫ్22 (చాలా చిన్న రంధ్రం) పెట్టమని ఎన్నోసార్లు విన్నాం. కిటికీ పక్కన టేబుల్ మీద తెరిచిన పుస్తకం పెట్టి, ట్రైపాడ్ మీద ఎఫ్4 నుంచి ఎఫ్22 వరకు వరసగా తీసి, అక్షరాలు పెద్దవి చేసి చూశాం. ఎఫ్8 దగ్గర అక్షరం అంచు కత్తిరించినట్టు ఉంది. కాగితం మీది నార కూడా కనిపించింది. ఎఫ్22 దగ్గర అదే అక్షరం సిరా కాస్త పీల్చుకున్నట్టు మెత్తబడింది. ఫోకస్ తప్పలేదు, కెమెరా కదల్లేదు. రంధ్రం అంత చిన్నదైనప్పుడు వెలుతురు దాని అంచుల దగ్గర వంగి పరుచుకుంటుంది, డిఫ్రాక్షన్ అంటే అదే. మరీ దగ్గరి వస్తువూ దూరపు కొండా రెండూ కావాలంటే ఎఫ్22 అవసరం పడొచ్చు, దానికి ఇచ్చుకునే మూల్యం ఏమిటో ఇప్పుడు కళ్లతో చూశాం.

చేతి వణుకు సూత్రాన్ని కూడా చూశాం. లెన్స్ 50 మిల్లీమీటర్లయితే 1/50 సెకను, 200 అయితే 1/200 కన్నా నెమ్మదిగా వద్దనేది పాత మాట. అది 36 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్మ్ ఫ్రేమును దృష్టిలో పెట్టుకుని అలవాటైన లెక్క. మనలో చాలామంది దగ్గరున్న చిన్న సెన్సార్‌కు ఆ అంకెను ఒకటిన్నరతో గుణించుకోవాలి, 50 లెన్స్‌కు 1/80 అనుకోవాలి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉంటే ఇంకా నెమ్మదిగా వెళ్లొచ్చు. కానీ ఎదుట ఉన్నవాళ్లు కదులుతుంటే ఈ సూత్రమూ స్టెబిలైజేషనూ రెండూ ఏమీ చేయలేవు. పాప డాన్స్ ఫొటోలో తెర స్పష్టంగా వచ్చి పాప చెదిరిపోయింది అందుకే.

కొలిచి చూడగలిగిన సలహాలతో పని ఇంత తేలిక. ఫొటో ఎలా కూర్చాలన్న విషయానికి వచ్చేసరికి కొలబద్ద ఉండదు. ఈ ఏడాది ఎక్కువ వాదనలు జరిగింది కూడా ఇక్కడే. ఒక సభ్యుడు పెట్టిన ఫొటోలో పెద్ద ఖాళీ గోడ మధ్యలో ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ఉన్నారు, సరిగ్గా నడిమధ్యన. వరసగా అందరూ ఆయన్ని మూడింట ఒక వంతు గీత (ఫ్రేమును మూడు సమభాగాలు చేసే గీత) మీదికి జరపమన్నారు. ఒక్కరు మాత్రం మధ్యలో ఎందుకు పెట్టారని అడిగారు. "మా నాన్నగారు. అమ్మ పోయాక ఆ గదిలో ఆయనకు రెండు పక్కలా ఎవరూ లేరు, అదే చూపించాలనుకున్నాను" అని ఆ సభ్యుడు రాశారు. ఆ మాట చదివాక ఆ ఫొటోను జరపమని ఎవరూ అనలేదు.

మూడింట ఒక వంతు సూత్రం ఎక్కడిదో తెలుసుకుంటే మన పట్టుదల కాస్త సడలుతుందని నా నమ్మకం. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండు చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల చిత్రాల గురించి రాస్తూ ఆ పేరు వాడాడు. ఆకాశానికి ఎంత, నేలకు ఎంత అన్న పాళ్ల లెక్క అది. ఫ్రాన్సుకు చెందిన లూయీ డాగేర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతి లోకానికి వెల్లడైంది 1839లో. అంటే ఈ సూత్రం ఫొటోగ్రఫీ కన్నా పాతది. మంచి సలహానే, నేను ఎన్నోసార్లు వాడుకున్నాను. కానీ తీసినవారి ఉద్దేశం అడగకుండా గీతలు గీయడం సలహా కాదు. ఇకమీదట కూర్పు గురించి చెప్పేముందు రెండు మాటలు రాయాలని అనుకున్నాం: నా చూపు మొదట ఎక్కడ పడింది, తర్వాత ఎక్కడికి వెళ్లింది. తీసినవారికి దీనికన్నా పనికొచ్చే కబురు ఉండదు. వాళ్లు చూపించాలనుకున్న చోటికే చూపు వెళ్లిందో లేదో వాళ్లే తేల్చుకుంటారు.

ఒక నెల పేర్లు లేకుండా ఫొటోలు పెట్టి అభిప్రాయాలు అడిగాం. ఉత్త "బాగుంది", "సూపర్" అనేవి బాగా తగ్గాయి. సీనియర్ల ఫొటోలకు మొదటిసారి గట్టి సూచనలు వచ్చాయి. కొత్తవారి ఫొటోలను తీసినవారి అనుభవం ఎంతో ఆలోచించకుండా ఫొటోగానే చూశారు. నా ఫొటో ఒకటి అందులో ఉంది. కుడివైపు మూల మీద ఒక ఎర్ర బకెట్ ఉందని, చూపంతా దాని మీదికే పోతోందని ఒకరు రాశారు. ఏళ్ల తరబడి అందరికీ చూపించుకున్న ఫొటో అది. అంతవరకు ఎవరూ ఆ మాట చెప్పలేదు, నాకూ కనిపించలేదు. చెప్పినవారు చేరి కొన్ని వారాలే అయిందని తర్వాత తెలిసింది. వచ్చే ఏడాది దీన్ని ప్రతి నెలా పెట్టాలని కోరుతున్నాను.

కొత్తవారి విషయంలో మనం ఇంకా మారాల్సింది ఉంది. ఒక కుర్రాడు ఫోన్‌తో రాత్రి తీసిన ఫొటో పెట్టి, దీపాల చుట్టూ పొగమంచులా ఎందుకు వస్తోందని అడిగాడు. ఒకరు కెమెరా కొనమన్నారు, ఒకరు ఏ లెన్స్ కొనాలో చెప్పారు, ఒకరు ఎడిటింగ్‌లో ఎలా తీసేయాలో వివరంగా రాశారు. ఇంకొకరు మాత్రం ఫోన్ లెన్స్ మీద వేలిముద్రలు ఉన్నాయేమో మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ తీయమన్నారు. అతను తుడిచి తీశాడు, దీపాలు చుక్కల్లా వచ్చాయి. అంతకుముందు చెప్పిన మనమంతా జబ్బు ఒకటయితే మందు ఒకటిచ్చాం. వస్తువు కొనమని చెప్పేముందు ఉన్నదానితో ఏం చేయొచ్చో ఒక్కటైనా చెప్పాలన్నది కార్యవర్గం వినతి.

కొన్ని సలహాల మీద మాత్రం చర్చకు వేచి ఉండం, చూడగానే తీసేస్తాం. సూర్యగ్రహణాన్ని మామూలు ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌కు తగిలించే ముదురు అద్దం) లోంచి చూడొచ్చని చెప్పడం అలాంటిది. అది కంటికి కనిపించే వెలుతురును తగ్గించినా పరారుణ కిరణాలను సరిగా ఆపకపోవచ్చు, కంటి లోపలి రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కన్ను దెబ్బతింటున్నట్టు అప్పుడు తెలియను కూడా తెలియదు. సూర్యుడి కోసమే తయారైన ఫిల్టర్ లెన్స్ ముందు పెట్టుకోవాలి, అది లేనప్పుడు ఆ ఫొటో వద్దు. డబ్బాలో వచ్చే గాలిని సెన్సార్ మీదికి కొట్టమనడం, గూట్లో పిల్లలు కనిపించాలంటే కొమ్మలు పక్కకు వంచమనడం కూడా ఈ కోవలోవే. కొమ్మ వంచితే గూడు ఎండకూ వేటాడే పక్షులకూ బయటపడుతుంది, తల్లి పక్షి తిరిగి రాకపోవచ్చు.

జమాఖర్చుల పట్టిక ఈ నివేదికతో పాటే పంపాం. పదవీకాలం ముగిసిన కార్యవర్గ స్థానాలకు సర్వసభ్య సమావేశంలో ఎన్నిక ఉంటుంది.

అనుకున్నా పూర్తి చేయలేకపోయిన పని ఒకటుంది. తీసి చూసిన సలహాలన్నిటినీ ఫొటోలు, సెట్టింగులతో సహా ఒకచోట చేర్చాలనుకున్నాం. వెలుతురు, చేతి వణుకు, అపర్చర్ భాగాలు తయారయ్యాయి. ఫ్లాష్ భాగం ఖాళీగా ఉంది. షట్టర్ 1/200, 1/250 దాటితే ఫ్రేములో ఒక పక్క నల్లటి పట్టీ ఎందుకు వస్తుందో ఫొటోలతో చూపించేవారు కావాలి. మీ దగ్గర ఫ్లాష్ ఉంటే 1/160 నుంచి 1/500 దాకా ఒక్కో స్పీడులో ఒక్కో ఫొటో తీసి, చెడిపోయినవి కూడా తీసేయకుండా పంపండి. పట్టీ ఎక్కడ మొదలవుతుందో ఆ చెడిపోయినవాటిలోనే కనిపిస్తుంది.

ఇట్లు,
కార్యవర్గం తరఫున,
కార్యదర్శి